జూలీకి వచ్చిన బాధ, నాకు దొరికిన విడుదల

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఈ ఉదయం మీ ముందు నా కాళ్ల మీద నేను నిలబడి, నా గొంతుతో నేను మాట్లాడుతున్నానంటే అది నా గొప్ప కాదు, దేవునికే మహిమ. నా పేరు సలోమి. మాది పలమనేరు దగ్గర ఒక పల్లె. పెళ్లయినాక మా ఆయన దావీదుతో బెంగళూరు పక్కన హెబ్బగోడికి వచ్చేసినాను. ఆయన ఎలక్ట్రానిక్ సిటీలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు, నేను గార్మెంట్స్‌లో చొక్కాల కాలర్లు కుట్టేదాన్ని. మాకు పిల్లల్లేరు, జూలీ ఉండేది. జూలీ అంటే కుక్క. నవ్వేవాళ్లు నవ్వండి, నేనేమీ అనుకోను, కానీ ఆ కుక్కను పక్కన పెడితే నా సాక్ష్యంలో చెప్పడానికి ఏమీ మిగలదు.

తొంభైలు అయిపోవస్తున్న రోజులవి. నాకు జబ్బుందని ఏ డాక్టరూ చెప్పకముందే జూలీ తీరు మారిపోయింది. అంతవరకూ నా కాళ్ల దగ్గరే పడుకునేది, ఉన్నట్టుండి గదికి ఆ చివర కూర్చుని నన్నే చూడడం మొదలుపెట్టింది. నన్ను అంటే నన్ను కాదు, నా ఎడమ భుజం మీదుగా వెనక్కి చూసేది, అక్కడ ఎవరో నిలబడి ఉన్నట్టు. పిలిస్తే తోక ఊపేది, దగ్గరికి మాత్రం వచ్చేది కాదు. నేను తిరిగి చూస్తే గోడ, గోడకు మేకు, మేకుకు నా సంచి, అంతే. మా ఆయనతో చెప్తే బల్లిని చూస్తా ఉంటుందిలే అన్నాడు. కొన్ని వారాలకు స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలింది.

ఆపరేషను చేసినారు. ఆ తర్వాత ఇంజెక్షన్లు, మాత్రలు. క్యాన్సరు మందు ఎట్లుంటుందో పడినవాళ్లకే తెలుసు సహోదరులారా, నోట్లో ఇనుము నమిలినట్టు, మంచినీళ్లు కూడా గొంతు దిగవు. మాత్ర మింగితే కడుపులో తిప్పేది గనుక రాత్రి అన్నం తిన్నాక మింగి పడుకునేదాన్ని, నిద్రలో ఆ వికారం తెలియకుండా పోతుందని. జుట్టంతా ఊడిపోయింది. సరిగ్గా ఆ నెలల్లోనే ఒక సాయంత్రం మా ఆయన జూలీ గొంతు నిమురుతూ నిమురుతూ చెయ్యి ఆపేసినాడు. దవడ కింద రెండు పక్కలా గడ్డలు. పశువుల ఆసుపత్రికి తీసుకుపోతే సూదితో తీసి పరీక్ష చేసి, ఇది కూడా క్యాన్సరే అన్నారు. మనుషులకు ఇచ్చినట్టే దీనికీ ఇంజెక్షన్లు, మాత్రలు ఉన్నాయి, పూర్తిగా పోదు కానీ కొంతకాలం బాధ లేకుండా బతుకుతుంది అని చెప్పినారు. మా ఆయన అక్కడికక్కడే సరేనన్నాడు. ఇంజెక్షను ఆసుపత్రిలో వేసేవాళ్లు, మాత్ర ఆయనే రాగి ముద్దలో పెట్టి తినిపించేవాడు. నన్ను ఆ పనికి రానిచ్చేవాడు కాదు, నువ్వు పడుకో అనేవాడు.

కొన్నాళ్లకు జూలీ మీసాలు రాలిపోయినాయి. నేల ఊడుస్తుంటే చీపురుకు నా వెంట్రుకలూ దాని మీసాలూ కలిసి చిక్కుకునేవి. ఏవి నావో ఏవి దానివో విడదీసి పారేసేదాన్ని.

మా ఇంటి ఓనరు రుక్మిణమ్మ. వాళ్లు తరాల నుంచి బెంగళూరులోనే ఉన్న తెలుగువాళ్లు. మంచి మనిషి, నేను పొయ్యి దగ్గర నిలబడలేకపోతే రోజూ సారు, అదే మన చారు, కాచి గిన్నెలో తెచ్చిపెట్టేది. ఒకరోజు మెట్టు మీద కూర్చుని జూలీని చాలాసేపు చూసి, ఏ కోపమూ లేకుండా, ఎంతో ప్రేమగా ఒక మాట అన్నది.

"నీ రోగం అది తీసుకునుండాది సలోమీ. అది ఉండేంత వరకే నువ్వుండేది. దాన్ని బాగా చూసుకోమ్మా."

నేను యేసయ్య బిడ్డను. ఇట్లాంటి మాటలు నమ్మకూడదని నాకు తెలుసు. ప్రభువు నామంలో కొట్టివేస్తున్నాను అని నోటితో అనుకున్నాను. కానీ ఆ మాట చెవిలోకి పోయిన నీళ్లలా లోపలే ఉండిపోయింది. అప్పట్నుంచి జూలీ దగ్గితే నా ఛాతీ పట్టేసేది. అది అన్నం తింటే నాకు ఆకలయ్యేది. అది నిద్రపోతుంటే పక్కన కూర్చుని దాని డొక్క లేస్తా ఉందా లేదా అని చూసేదాన్ని, అది ఊపిరి కాస్త ఆపితే నేనూ ఆపేసేదాన్ని. దేవుని మందిరంలో కూర్చున్నా నా ప్రాణం ఇంట్లో ఆ కుక్క దగ్గరే ఉండేది.

తర్వాత ఒక మధ్యాహ్నం అసలు సంగతి మొదలైంది. మా కాంపౌండులో అద్దెకుండేవాళ్లందరూ ఫ్యాక్టరీలకు పోయేవాళ్లే, రుక్మిణమ్మ తలుపేసుకుని పడుకునేది, ఆ వేళకు ఒక్క తలుపు కూడా తెరిచి ఉండదు, ఎండ తప్ప ఇంకెవరూ ఉండరు. జూలీ తలుపు గీకింది, తీసినాను. బయటికి పోయి కూర్చుంది, ఏమీ రాలేదు. లోపలికి వచ్చింది, మళ్లీ పోయింది, మళ్లీ కూర్చుని ముక్కింది. ఇంట్లో ఎన్నడూ తప్పు చేయని కుక్క, గది మధ్యలోనే కూర్చుండిపోయి నా ముఖంలోకి చూస్తా ఉంది. అది లేచినాక చూస్తే సిమెంటు నేల మీద ఎర్రగా చుక్కలు, నా చాప దగ్గర నుంచి గడప దాకా వరసగా. గడప ముందర కాస్త ఎక్కువగా పడి, ఎవరో దిష్టి తీసి ఎర్రనీళ్లు పారబోసినట్టే ఉండింది.

ఎవరైనా చూస్తారేమోనని గబగబా కడిగేసినాను. కడిగి బాత్రూముకు పోయినాను. ఇప్పుడు నేను చెప్పేది సిగ్గుపడే సంగతి కాదు గనుక ఈ సంఘం ముందు చెప్తున్నాను సహోదరీలారా. మూత్రం పోస్తుంటే నిప్పు పెట్టినట్టు మంట, రెండు చుక్కలు పడి ఆగిపోయింది. కిందికి చూస్తే అదే రంగు. జూలీ మూత్రం ఏ రంగో నాదీ అదే రంగు. తలుపు అవతల జూలీ సన్నగా ఏడుస్తా ఉంది. ఆ చిన్న బాత్రూములో గోడ పట్టుకుని నిలబడినప్పుడు నాకొచ్చిన ఆలోచన ఒక్కటే. మాకిద్దరికీ ఒక్క ఒళ్లే ఉంది.

ఆ రోజు నుంచి నేను లేస్తే జూలీ లేచేది. లేక అది లేస్తే నేను లేచేదాన్నో, ఏది ముందో చెప్పలేను. అది ఒక మూల, నేను ఒక మూల, ఇద్దరం ముక్కి ముక్కి చుక్కలు పోసి వచ్చి మళ్లీ పడుకునేవాళ్లం. జూలీ సంగతి మా ఆయనకు చెప్పినాను, నా సంగతి చెప్పలేదు. రోగం కిడ్నీల దాకా పోయిందనుకున్నాను. నోరు తెరిచి చెప్తే అది నిజమైపోతుందని భయం. జూలీకి రక్తం పడుతోందని చెప్పినప్పుడు ఆయన ముఖం పాలిపోయి, నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు. ఆయన అట్ల ఎందుకు చూసినాడో నాకు అప్పుడు తెలియదు.

ఆయనకు చెప్పిన మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది, ఫ్యాను ఆగింది. మోకరించడానికి కూడా ఆ మంట ఓర్చుకోలేక చాప మీద పక్కకు పడుకునే ప్రార్థన చేసినాను. ఆ ప్రార్థన నాకు ఈనాటికీ గుర్తుంది.

"యేసయ్యా, ఈ మూగజీవిని ముట్టు. నన్ను ముట్టమని అడగడానికి నాకు భయంగా ఉంది, అడిగితే నాకేదో అయిందని నేనే ఒప్పుకున్నట్టు అవుతుంది. నా బదులు నువ్వే చెప్పు తండ్రీ, నాకు నోరు రావడం లేదు."

కళ్లు తెరిచేసరికి జూలీ గదికి ఆ చివర కూర్చుని ఉంది. మళ్లీ నా భుజం మీదుగా వెనక్కి చూస్తా ఉంది. ఫ్యాను లేని ఆ గదిలో నా మెడ వెనక చల్లగా తగిలింది. సహోదరులారా, నేను కథ అల్లడం లేదు, తగిలింది. అంతకుముందైతే తిరిగి చూసేదాన్ని. ఆ రోజు తిరగలేదు. అక్కడ ఉన్నది ఏదైనా సరే, నా ప్రభువుకు తెలియకుండా ఉండలేదు కదా అనుకుని కదలకుండా పడుకున్నాను. చాలాసేపటికి జూలీ లేచి, ఎన్నో నెలల తర్వాత, నడుచుకుంటా వచ్చి నా పొట్టకు ఆనుకుని పడుకుంది. అప్పుడు నా లోపల ఒక మాట పుట్టింది, దాచకు అని. గొంతు కాదు, శబ్దం కాదు. కానీ అది నా ఆలోచన మాత్రం కాదు, నా ఆలోచనలన్నీ దాచమనే చెప్తా ఉండినాయి.

మరుసటి ఉదయం మా ఆయన లీవు పెట్టి జూలీని ఆటోలో ఎక్కిస్తుంటే నేనూ వస్తానని ఎక్కి కూర్చున్నాను. పశువుల ఆసుపత్రిలో ఒక లేడీ డాక్టరు, కన్నడ ఆమె, జూలీ పొట్ట నొక్కి చూసింది, మూత్రం పట్టి పరీక్షకు పంపింది. ఆ రిపోర్టు వచ్చినాక మాత్ర ఏ వేళకు ఇస్తారని అడిగింది. రాత్రి ముద్దలో పెట్టి ఇచ్చి తలుపు వేసేస్తాం, తెల్లారే దాకా బయటికి వదలం అన్నాడు మా ఆయన. ఆమె తల ఊపి, ఇది క్యాన్సరు పాకడం కాదు, ఆ మాత్ర చేసిన పని అని నిదానంగా చెప్పింది. ఆ మందు ఒంట్లో పని చేసినాక దాని మడ్డి మూత్రంలో దిగుతుందట, నీళ్లు తాగక, మూత్రం పోయక రాత్రంతా అట్లే నిలిచిపోతే లోపల మూత్రపు సంచిని కాల్చేస్తుందట, అందుకే మంట, అందుకే రక్తం. ఆ మాత్ర ఆపేస్తాం, వేరేది ఇస్తాం, ఇక మీద ఏ మాత్రైనా పొద్దున్నే ఇచ్చి, నీళ్లు బాగా తాగించి, మాటిమాటికీ బయటికి తిప్పండి అన్నది. మాత్ర ఒకసారి చూపించమంది.

మా ఆయన జేబులో చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు. తీసిన తర్వాత ఆ అట్ట చూసినాను. ప్రతి రాత్రీ నా చేతిలో పట్టుకునే అట్టే అది. అదే రంగు, అవే అక్షరాలు.

నా నోరు దానంతట అదే తెరుచుకుంది. "డాక్టరమ్మా, ఇదే మాత్ర నేనూ మింగుతున్నాను. నాకూ ఇట్లే రక్తం పోతా ఉంది."

డాక్టరమ్మ జూలీ మీద నుంచి చెయ్యి తీసి నా తలకు కట్టుకున్న స్కార్ఫు వైపు చూసింది. నీళ్లు తాగుతున్నారా అని అడిగింది. లేదన్నాను. అప్పుడామె నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, నేను పశువుల డాక్టర్ని, మీకు మందు చెప్పకూడదు. కానీ ఇక్కడ్నుంచి ఇంటికి పోవద్దు. నేరుగా మీ ఆసుపత్రికి పోండి. దీన్ని నేను చూసుకుంటాను" అన్నది.

ఆటోలో మా ఆయన ఏడ్చినాడు. రెండు మాత్రలూ ఒకే షాపులో ఆయనే కొంటున్నాడు గనుక రెండూ ఒకటేనని ఆయనకు మొదటి నుంచీ తెలుసు. రుక్మిణమ్మ అన్న మాట కూడా ఆయన లోపలి నుంచి విన్నాడట. జూలీకి రక్తం పడుతోందని నేను చెప్పిన రోజు, ఇక నీకూ పడుతుందేమోనని నీ ముఖం చూడలేకపోయినాను సలోమీ అన్నాడు. ఒకే గదిలో ఒకే భయాన్ని చెరొక పక్కన దాచుకుని బతికినాం మేము.

ఆసుపత్రిలో ఆ మాత్ర వెంటనే ఆపినారు. సెలైను ఎక్కించినారు, గొట్టం పెట్టి లోపల గడ్డకట్టిన రక్తాన్ని కడిగినారు. ఇంకొంచెం ఆలస్యమై ఉంటే మూత్రం పూర్తిగా అడ్డుపడి, రక్తం ఆపడం మా చేతుల్లో ఉండేది కాదు అని పెద్ద డాక్టరు మా ఆయనతో చెప్పినాడట. రోగం ఎక్కడికీ పాకలేదు. నా నోరు చెప్పలేని మాటను నా దేవుడు మూగజీవి ఒంటితో చెప్పించినాడు, ఆయనకే స్తోత్రం.

నేను ఇంటికి వచ్చేసరికి జూలీకి కూడా ఎరుపు పోయి గులాబీ రంగయింది, తర్వాత అదీ పోయింది. ఒక పొద్దున కాంపౌండు గోడ పక్కన కూర్చుని ముక్కకుండా, ఏడవకుండా, ధారగా తేటగా పోసింది. కుక్క మూత్రం చూసి చేతులెత్తి స్తోత్రం చెప్పిన మొగుడూ పెళ్లాం ఈ బెంగళూరులో మేమిద్దరమే అయ్యుంటాం.

ఇక్కడితో ఆపితే అందరికీ బాగుంటుంది. కానీ డాక్టర్లు ముందే చెప్పినట్టు జూలీకి గడ్డలు మళ్లీ వచ్చినాయి. నా చికిత్స ముగిసిన కొన్ని నెలలకు, ఒక ఉదయం, తల నా పాదం మీద పెట్టుకుని కన్నుమూసింది. వెనకున్న ఖాళీ సైటులో పూడ్చినాం. రుక్మిణమ్మ మెట్టు మీద నిలబడి చూసింది, జూలీని కాదు, నన్ను. మధ్యాహ్నం సారు గిన్నె తెచ్చి పెట్టి, నా పక్కనే కూర్చుని సాయంత్రం దాకా ఉండిపోయింది. ప్రాణం పోతున్నవాళ్ల దగ్గర ఎట్ల కూర్చుంటారో అట్ల కూర్చుంది. నాకు భయం వేయలేదని చెప్తే అబద్ధం. ప్రభువా, నా ఊపిరి నీ చేతిలో ఉంది, ఇంకెవరి ఊపిరితోనూ ముడిపడి లేదు, అని అదొక్కటే అనుకుంటా పడుకున్నాను.

పొద్దున్నే లేచినాను. బిందె తీసుకుని కొళాయి దగ్గరికి పోయినాను. రుక్మిణమ్మ తలుపు తీసి, నన్ను చూసి, గడప మీదే నిలబడిపోయింది.

"ఉండావా?" అన్నది.

"ఉండానమ్మా," అన్నాను. "నా దేవుడు ఉంచినాడు."

ఆమె మెట్టు దిగింది. వచ్చి నిండిన బిందె నా నడుముకు ఎత్తింది. ఆ పాత మాట నా చెవిలో నుంచి పోయింది ఆ క్షణమే సహోదరులారా, మళ్లీ రాలేదు. అప్పట్నుంచి ఇన్ని సంవత్సరాలు గడిచినాయి, డాక్టర్లు చూస్తూనే ఉన్నారు, నాలో రోగం లేదు.

ఈ రోజు ఈ కూడికలో ఎవరో ఒకరు, ఒంట్లో ఏదో తేడా కనిపెట్టి, చెప్పుకోలేక, ముఖాన నవ్వు పెట్టుకుని కూర్చుని ఉంటారు. ఎవరో ఒక మాట అంటే ఆ మాటకు కట్టుబడిపోయి, ప్రతి రోజూ కొంచెం కొంచెంగా చచ్చిపోతా ఉంటారు. అట్లాంటివాళ్లు యేసయ్యను నమ్మండి. ఆయన దగ్గర దాచకండి, ఇంట్లో వాళ్ల దగ్గరా దాచకండి, డాక్టరు దగ్గర అసలే దాచకండి. నోరు రాకపోతే ప్రార్థన అయినాక నా దగ్గరికి రండి, ఆ కిటికీ పక్కన కూర్చుని ఉంటాను. మీరేమీ చెప్పకపోయినా ఫరవాలేదు, చెయ్యి పట్టుకోండి చాలు, రేపు పొద్దున ఆసుపత్రికి మీతో పాటు నేనూ వస్తాను. నన్ను బతికించి ఇక్కడ నిలబెట్టిన దేవునికే సమస్త మహిమ కలుగును గాక, ఆమేన్.