ఆ మీసం అతికించింది నేను

మొన్న భీమవరంలో రక్తపరీక్షకు వెళితే, సూది గుచ్చే ముందు నర్సు నా మోచేతి మడతలో స్పిరిట్ దూదితో తుడిచింది. ఆ వాసన తగలగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "చిన్న సూదేనండి, భయపడకండి" అంది పాపం. భయం కాదమ్మా అనబోయి ఊరుకున్నాను. అందరికీ అది ఆసుపత్రి వాసన. నాకు మాత్రం ఏలీషా మాస్టారు గుర్తొస్తారు. ఏ నటుడు ముందు కూర్చున్నా ఆయన మొదట స్పిరిట్‌తో ముఖం తుడిచేవారు. మా నాటక సమాజంలో ఇప్పుడున్నవాళ్ళలో నేను తప్ప ఎవరూ ఆయన్ని చూడలేదు. స్టేజీ మీద మీసం ఊడిన కథ మాత్రం అందరికీ కంఠతా వచ్చు.

ఆయన మిషన్ బడిలో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. నేను అదే బడిలో కుట్టు టీచర్ని. మాది గుమాస్తాలు, టీచర్లు, రొయ్యల మేత అమ్మేవాళ్ళు కలిసి నడుపుకునే చిన్న సమాజం. ఆడవేషాలకు నటీమణులు బయటూళ్ళ నుంచి వచ్చేవారు. వాళ్ళకు కుదరని జాకెట్లు సరిచేయడానికి, చీరలు కట్టడానికి ఒక ఆడమనిషి కావాలని మాస్టారే నన్ను తీసుకెళ్ళారు. తెర వెనక అంటే ఏదో గొప్ప లోకం అనుకున్నాను. తీరా చూస్తే తిరగని ఫ్యాను, కనపడని పిన్నీసులు, చల్లారిన టీ. ఆ మూడింటి మధ్యా ఆయన ఒక స్టూలు మీద ప్రశాంతంగా కూర్చుని ఉండేవారు.

బ్రష్ పట్టే ముందు ఆయన ప్రతి నటుణ్ణీ ఒకటే అడిగేవారు. "ఈ మనిషికి రాత్రి నిద్ర పట్టిందా అండీ?" అడిగేది నటుడి సంగతి కాదు, అతను వేసే పాత్ర సంగతి. మా ముఖ్య నటుడు సుబ్బరాజుగారు విసుక్కునేవారు. "మీసం పెట్టండి మాస్టారూ అంటే నిద్ర గొడవేంటండీ?"

"పట్టకపోతే కంటి కింద ఇంకో గీత గియ్యాలండి. మీరు చెప్పకపోతే నాకెలా తెలుస్తాది?"

చెప్పేదాకా బ్రష్ ముంచేవారు కాదు. బడిలో గుడ్డ పాడుచేసిన పిల్లను కసిరే ముందు రాత్రి నిద్రపోయావా అని అడగడం నాకు అలా అలవాటయింది. ఇద్దరు ముగ్గురు పిల్లలు ఆ ఒక్క మాటకే బావురుమన్నారు.

జాకెట్ల దగ్గర మొదలైన నన్ను ఆయన నెమ్మదిగా ముఖాల దగ్గరికి తెచ్చారు. అతికించే పనిలో ఆయనకు పట్టింపు ఎక్కువ. "ముందు తుడుపు, తర్వాత గమ్ము, ఆ తర్వాతే పౌడరు. పౌడరు మీద గమ్ము రాస్తే మీసం పౌడరుకి అంటుకుంటాది గానీ మనిషికి అంటుకోదమ్మా" అనేవారు. అప్పటికే ఆయన చేతులు కొద్దిగా వణకడం మొదలైంది. మాస్టారిని ఇక మాన్పించాలని కొందరు, కుట్టు టీచరుకి మేకప్ ఏంటని మరికొందరు గుసగుసలాడేవారు. రెండో మాటే నాకు ఎక్కువ గుచ్చుకునేది. ఒక్క తప్పు చేస్తే చాలు, నన్ను మళ్ళీ పిన్నీసుల దగ్గరికి తోసేస్తారని భయం.

ఆ ఏడాది పెద్దాపురం దగ్గర ఒక ఊళ్ళో పోటీలు. మొదటి నాటిక మాదే. ఇంకా పూర్తిగా పొద్దు వాలలేదు, ఉక్కపోత. మాస్టారు తల్లి పాత్రకు ముడతలు గీస్తున్నారు. సుబ్బరాజుగారిని నాకు అప్పగించారు. ఆయన పైపెదవి మీద ఎంత తుడిచినా చెమట ఆగడం లేదు. రెండో బెల్లు కొట్టేశారు, మూడోదానికి తెర లేచిపోతుంది. నేను గబగబా పౌడరు అద్ది, దాని మీద గమ్ము రాసి, మీసం నొక్కేశాను. తెలియక చేసిన పని కాదు. ఈ ఒక్కసారికి నిలబడకపోతుందా అనుకున్నాను.

కొడుకు శవం మీద పడి తండ్రి ఏడ్చే ఘట్టంలో ఆ మీసం ఒక పక్క ఊడి, కాసేపు వేలాడి, శవం ఛాతీ మీద పడింది. శవంగా పడుకున్న కుర్రాడికి కూడా నవ్వు ఆగలేదు. హాలంతా ఘొల్లుమంది.

తెర పడగానే దర్శకుడు సూర్నారాయణగారు ఊగిపోతూ లోపలికొచ్చారు. "ఎవరండీ ఆ మీసం పెట్టింది?"

మాస్టారు నా ముఖం చూశారు. సుబ్బరాజుగారి పైపెదవి మీద తెల్లగా మిగిలిన పౌడరు చూశారు. ఆయనకు అంతా అర్థమైపోయింది.

"నేనేనండి. చెయ్యి వణికింది" అన్నారు.

ఎవరికీ అనుమానం రాలేదు. ఎవరు అతికించారో ఎరిగిన సుబ్బరాజుగారు కూడా, అవమానంతోనో ఏమో, తల ఎత్తలేదు.

వారం తర్వాత వాళ్ళింటికి వెళ్ళాను. నిజం చెప్పేస్తానన్నాను. "చెప్పి ఏం చేస్తావమ్మా? నా చేతులు వణుకుతున్న మాట నిజమే కదా. నీకింకా చాలా పనుంది" అన్నారు. నాకు కావలసింది ఆ మాటే. సిగ్గులేకుండా తేలికపడి ఇంటికొచ్చాను. తర్వాతి నాటికకు ఆయనకు కబురు వెళ్ళలేదు, నాకు వచ్చింది.

ఒకసారి మాత్రం ఆయన నాటకం చూడ్డానికి వచ్చి, పలకరించి పోదామని మేకప్ గది గుమ్మం దాకా వచ్చారు. "మాస్టారొచ్చారు, మీసాలు జాగ్రత్తరోయ్!" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. నేను బ్రష్ పట్టుకుని, ఎదురుగా ఉన్న ముఖం మీద నుంచి చూపు తిప్పలేదు. ఆయన మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. రెండేళ్ళకు పోయారు. సమాధి దగ్గర మట్టి వేస్తున్నప్పుడు కూడా నోరు విప్పలేదు నేను.

పోయిన నెల రిహార్సల్లో ఇప్పటి కార్యదర్శి శేఖర్ కొత్తవాళ్ళకు ఆ కథ చెప్పి నవ్విస్తున్నాడు. "మీరు అక్కడే ఉన్నారు కదండీ టీచర్‌గారూ?" అని నన్ను సాక్ష్యం అడిగాడు. ఇక ఓర్చుకోవడం నా వల్ల కాలేదు. లేచి నిలబడి, పౌడరు సంగతి, రెండో బెల్లు సంగతి, అంతా చెప్పాను. ఆ మీసం అతికించింది నేను అన్నాను.

శేఖర్ లేచి చేతులు జోడించాడు.

"చూశారా, గురువుగారి మీద మాట పడనివ్వకుండా ఆ తప్పు తన మీద వేసుకుంటున్నారు. టీచర్‌గారిది ఎంత పెద్ద మనసండీ!"

కాదు బాబూ, నిజంగా నేనే అన్నాను. అప్పటికే అందరూ చప్పట్లు కొడుతున్నారు.