పళ్ల డాక్టరుగారి కప్పులు

పళ్ల డాక్టరుగారికి ఈమధ్య మట్టి పిచ్చి పట్టింది. సాయంత్రం క్లినిక్ మూసి ఇంటికి రాగానే, బట్టలైనా మార్చుకోకుండా డైనింగ్ టేబుల్ మీద మట్టిముద్ద పెట్టుకుని, పన్ను పీకే ముందు చూసినట్టే కళ్లు చికిలించి కప్పు చేయడం మొదలుపెడతారు. పళ్ల గార గీకే పనిముట్టుతో దాని మీద లతలు చెక్కుతారు. వంటింటి ఓవెన్‌లో కాలుస్తారు. అవి కాలేదాకా వంటింట్లోకి ఎవర్నీ రానివ్వరు, ఆ పూట ఇంటిల్లిపాదికీ పస్తే. తయారైన కప్పుల్లో ఒక్కటీ తిన్నగా నిలబడదు. అదేమంటే "చేత్తో చేసింది అలాగే ఉంటుంది, మెషీన్ కాదుగా" అని మురిసిపోతారు. వచ్చినవాళ్లందరికీ వాటిలోనే కాఫీ. తాను మాత్రం గ్లాసులో తాగుతారు, కప్పు అరిగిపోతుందని.

నిన్న బావమరిది చెంప చేత్తో పట్టుకుని వచ్చాడు. "పుచ్చుపన్ను బావగారూ, ప్రాణం తీస్తోంది" అన్నాడు. "పూడ్చేద్దాంలేవోయ్, ముందు కాఫీ తాగు. పుచ్చుపన్ను ఎక్కడికి పోతుంది?" అంటూ డాక్టరుగారు తాను చేసిన కప్పొకటి చేతికిచ్చారు. రెండు గుక్కలు తాగాడో లేదో, ప్యాంటు మీద వేడివేడి కాఫీ ధారగా కారింది. అతను కెవ్వుమన్నాడు. డాక్టరుగారు అతన్ని చూడలేదు. కప్పు లాక్కుని తిప్పి చూశారు. "అరె, మళ్లీ ఊడిందా! ఈ కన్నం నేనే పూడ్చాను. అల్లాటప్పా సరుకు కాదోయ్, నీ పంటికి పెట్టబోయే సిమెంటే!" అన్నారు.

బావమరిది చెంప మీంచి చెయ్యి తీసేశాడు. వాచిన నోటితోనే నవ్వాడు. "మీ కాఫీ మహిమ బావగారూ, నొప్పి ఎగిరిపోయింది" అంటూ చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.