రెండో గడిలోకి జరిగిన ఇంటిపేరు

ఉత్తర తీరంలోని మా శవాగారంలో డేటాబేస్ బాధ్యత నెరెయిదా ఓబాండోది. అంతకుముందు అరటిపళ్ళ ఎగుమతి కంపెనీలో ఇదే పని చేసింది. "అక్కడా ఇక్కడా ఒకటే గొడవ, సరుకు కుళ్ళకముందే ఇల్లు చేర్చాలి" అనేది. ఆ మాటకి ఆమె ఒక్కతే నవ్వేది.

ఒక శుక్రవారం ఫిదెలీనా పుయెర్తో అనే ముసలావిడ కొడుకు ఎల్మెర్‌ని వెతుక్కుంటూ వచ్చింది. ఎవరూ తీసుకెళ్ళని శవాల బండి ఆ రోజే భోజనాల వేళకి ముందు ఉమ్మడి గోతికి పోతుంది. గుమాస్తా కంప్యూటర్లో "పుయెర్తో" అని కొట్టాడు. రెప్పపాటులో జవాబు వచ్చింది: లేడు.

"లేడంటే బతికున్నట్టేగా?" అంది ఆవిడ.

నెరెయిదా లేచి వచ్చింది. మా దేశంలో ఎవరికైనా రెండు ఇంటిపేర్లు, ముందు తండ్రిది, తర్వాత తల్లిది. కంప్యూటర్ పేర్లు వెతుక్కునే పట్టిక, ఇండెక్స్, కూడా ఆ వరుసలోనే పేర్చి ఉంటుంది. మొదటిది తెలిస్తే సూటిగా చేరుకుంటుంది. రెండోది ఒక్కటే ఇస్తే ఆ వరుస ఎందుకూ కొరగాదు, దేశంలోని శవాగారాలన్నిటి రికార్డులూ తిరగేయాలి.

"అమ్మా, అబ్బాయి తండ్రి ఇంటిపేరు?"

"వాడికి తండ్రి లేడు. మొదటి పేరు నాదే. ఆ వెధవ ఊసెత్తకు తల్లీ."

"ఈమధ్య ఆయనే వచ్చి, వీడు నా కొడుకేనని రిజిస్టరులో రాయించాడేమో?" అలా రాయిస్తే తల్లి పేరు రెండో గడిలోకి జరుగుతుంది.

"రాయిస్తే వాడు నాతో చెప్పడా? నా కొడుకు!"

నెరెయిదా రెండో గడిలో వెతికించింది. పాత యంత్రం సగంలోనే చేతులెత్తేసింది. తల్లి పేరు ముందుండేలా ఇంకో ఇండెక్స్ కట్టాలి. కట్టినంతసేపు కొత్త శవాలు నమోదు కావు.

"బయట అంబులెన్సులు ఆగున్నాయి. భోజనాలప్పుడు చూద్దాం" అన్నాడు ఆమె పై అధికారి అయిన ఇంజనీరు.

"అప్పటికి బండి వెళ్ళిపోతుంది సార్."

"గొయ్యి ఎక్కడికీ పోదులే."

భోజనాలప్పుడు కట్టింది. పేరు వెంటనే తేలింది: లికోనా పుయెర్తో, ఎల్మెర్. పక్క గడిలో "బండి ఎక్కించారు" అని ఉంది.

"లికోనానా?" అంది ఫిదెలీనా. "ఆ వెధవ పేరు పెట్టుకున్నాడా? నాకు తెలియకుండానా?"

నెరెయిదా, ఆవిడా టాక్సీలో గోతి దగ్గరికి వెళ్ళారు. గోతిలో అప్పటికే సున్నం చల్లేశారు. పైకి తీయాలంటే జడ్జి ఆర్డరు కావాలన్నాడు కాపలావాడు. ఫిదెలీనా అంచు దాకా వెళ్ళి, "ఎల్మెర్ పుయెర్తో!" అని కేకేసింది. తర్వాత గొంతు తగ్గించి, "ఎల్మెర్ లికోనా" అని కూడా పిలిచింది.