మరిడమ్మ చెరువుకి రెండు మేతలు

మా పక్క రొయ్యల చెరువు మరిడమ్మది. ఐ.పోలవరం దాటి, ఏరు సముద్రంలో కలిసే మొగకు దగ్గర్లో ఉంటాం కాబట్టి చెరువుల దగ్గర ఫోన్లకు సిగ్నల్ అందదు. తూము దగ్గర గట్టెక్కితే అందుతుంది. మేత వేసినప్పుడల్లా రాసుకునే యాప్ ఒకటి మా అందరి ఫోన్లలోనూ ఉంది. సిగ్నల్ లేనప్పుడు రాసింది ఫోన్‌లోనే దాచుకుంటుంది. గట్టెక్కగానే దాన్ని పైకి పంపి, ఇంట్లో రెండో ఫోన్‌లో రాసింది తెచ్చి చూపిస్తుంది.

మరిడమ్మ, ఆమె మొగుడు పోతురాజు రోజూ సాయంత్రం ఆ గట్టు మీదే కూర్చునేవారు. మేత సంగతి ఫోన్లు చూసుకునేవి, వీళ్లు ఊళ్లో కబుర్లు చెప్పుకునేవారు. చూసినప్పుడల్లా నాకు కాస్త కుళ్లు పుట్టేది.

అలాంటిది, మరిడమ్మ చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షన్‌కి తీసుకెళ్తానని మాటిచ్చి పోతురాజు చేపల వేటకు వెళ్లిపోయాడు. మరిడమ్మ అతనితో మాట మానేసింది, గట్టెక్కడమూ మానేసింది. ఆవిడ పంతం మీకు తెలియదు. అన్నం వడ్డిస్తుంది, కూర కావాలా అని మాత్రం అడగదు.

ఒకనాడు మరిడమ్మ, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగితే వేసిన మేత వేసినట్టే ఉంది. రొయ్య మేత మానేసిందంటే జబ్బు తగిలిందేమోనని మా భయం. అలాంటప్పుడు ఎదగకపోయినా పట్టి అమ్మేయాలి, లేకపోతే చెరువంతా పోతుంది. ఆ చెరువు కోసం ఆమె పడ్డ పాట్లు నేను చూశాను.

"ఇంకా వేలెడంత కూడా లేవండి పిన్నిగారూ. పట్టించేస్తానండి," అంది. వ్యాపారికి ఫోన్ చేయడానికి గట్టెక్కింది. నా మనసొప్పక నేనూ వెంట వెళ్లాను.

నంబరు నొక్కేలోగా ఫోన్ టింగుమంది. ఆమె మేత వేసిన ప్రతి పూటా పక్కన పోతురాజు పేరు కూడా కనిపించింది. ఆమె వంట ముగించుకుని వచ్చేలోగా, వేట నుంచి వచ్చినవాడు వచ్చినట్టే మేత వేసి పోతున్నాడు. ఆమె గట్టెక్కకపోవడంతో ఆమె వేసింది అతని ఫోన్‌కి తెలియదు, అతను వేసింది ఆమె ఫోన్‌కి తెలియదు. రొయ్యలకు జబ్బూ లేదు గిబ్బూ లేదు, కడుపు నిండి మానేశాయి. రెండిట్లో ఏది ఉంచాలని యాప్ అడుగుతోంది.

మరిడమ్మ అక్కడే కూలబడి నవ్వింది, తర్వాత ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. కాసేపటికి లేచి, కింద వల బాగుచేసుకుంటున్న పోతురాజుని పిలిచింది. ఇన్నాళ్లకి అదే మొదటి మాట.

"ఏవండీ, ఇలా గట్టు మీదకి రండి. రేపు మేత ఎవరు వేయాలో మాటాడుకుందాం."

"ఆయ్, వత్తున్నా," అన్నాడు పోతురాజు. వల అక్కడే పడేసి పరుగున వచ్చాడు. ఫోన్ కూడా అక్కడే మర్చిపోయాడు.