మొదటి ముద్ద

ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్న సామెత ఎవరి నోట విన్నా ఆయన చెయ్యి తెలియకుండానే చెవి మీదికి పోయేది. ఆ ఇంటికి పెద్దల్లుడుగా ముందు వచ్చింది తను. వెనక వచ్చిన కొమ్ము చిన్నల్లుడు, సైన్యంలో కల్నల్.

ఆయనది నీటి సరఫరా శాఖలో డిప్యూటీ డైరెక్టర్ ఉద్యోగం. కానీ ఆఫీసులో ఎవరూ ఆయన్ని డిప్యూటీ అనరు. డైరెక్టర్ కుర్చీ ఖాళీ అయినప్పుడల్లా కొత్తవాడు వచ్చేదాకా ఆయన్ని అందులో కూర్చోబెట్టడం, కొత్తవాడు రాగానే లేపెయ్యడం ఆనవాయితీ అయిపోయి, 'ఇన్‌ఛార్జి' అన్న పేరు ఒంటికి అతుక్కుపోయింది. ఇంటికి ఫోన్ చేసినవాళ్ళు కూడా "ఇన్‌ఛార్జి గారున్నారా?" అనే అడిగేవాళ్ళు. ఆయన భార్య మొదట్లో నొచ్చుకునేది, తర్వాత తనూ అలాగే పిలిచి నవ్వేది.

చిన్నల్లుడు ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికి వెదురుకర్రలా ఉండే లెఫ్టినెంటు. సెలవు మీద వచ్చినప్పుడల్లా అతని భుజం మీద హోదా పెరిగేది, దాంతోపాటు అత్తగారి గొంతూ పెరిగేది. యూనిఫాం వేసుకున్న అతని ఫోటో హాల్లో గోడకెక్కింది. పెద్దల్లుడి పెళ్ళి ఫోటో వంటింటి నడవలోకి, కరెంటు మీటరు పక్కకి జరిగింది. మంచుకొండల మీద కాపలా కాసి రెండు కాలివేళ్ళు పోగొట్టుకుని వచ్చాక అతని కుంటినడక కూడా ఆ ఇంటికి నగ అయిపోయింది. మోకాలి నొప్పి ఇన్‌ఛార్జి గారికీ ఉంది. దానికి వయసే తప్ప కథ లేదు. కథ లేని నొప్పిని ఎవరడుగుతారు?

ఒక్కటే ఆయనకి ఊరట. వాడెంత ఎత్తు ఎగిరినా వాడి లోకం వేరు, తన గొట్టాల లోకం వేరు. ఇక్కడికి వచ్చి వాడు పొడిచేదేమీ లేదు.

సరిగ్గా అక్కడికే వచ్చాడు. వరదల్లో మునిగిన ఒక పట్నానికి తన దళంతో తాగునీళ్ళు అందించాడని కల్నల్‌కి మంచి పేరు వచ్చింది. సైన్యం నుంచి రిటైరవగానే ప్రభుత్వం అతన్ని పిలిచి నీటి సరఫరా శాఖకి డైరెక్టర్‌ని చేసింది. ప్రస్తుతానికి తాత్కాలికమనీ, కొన్ని నెలలు పనితీరు చూసి మంత్రిగారు ఖాయం చేస్తారనీ, తేడా వస్తే ఆ కుర్చీ నీదేననీ సచివాలయంలో తెలిసినవాడొకడు ఇన్‌ఛార్జి గారి చెవిలో వేశాడు. ఆయన రిటైర్మెంటుకి ఇంకో ఏడాది. ఇదే ఆఖరి బస్సు.

కల్నల్ చేరిన రోజు ఇన్‌ఛార్జి గారు గుమ్మంలో నిలబడి "నమస్కారం సార్" అన్నాడు. కల్నల్ గబుక్కున కుర్చీలోంచి లేచాడు.

"అదేంటి అన్నయ్యా! ఇక్కడ కూడా మీరు అన్నయ్యే."

అన్నయ్యా అని పిలిచి మన కుర్చీలో కూర్చున్నవాడి కన్నా, ఏరా అని పిలిచి దూరంగా ఉన్నవాడు నయం అనుకున్నాడాయన. పైకి మాత్రం నవ్వాడు.

కల్నల్ పద్ధతులు వేరు. తెల్లవారేసరికి పంపుహౌస్‌లో ఉండేవాడు. ఏ ఆజ్ఞ ఇచ్చినా అవతలివాడి చేత తిరిగి చెప్పించుకునేవాడు. గుమాస్తాలు మొదట చాటున నవ్వుకున్నారు గానీ, ఎండుకొళాయిల వీధులకి నీళ్ళు వచ్చేసరికి నవ్వడం మానేశారు. ఆ వీధుల జనం ఇన్‌ఛార్జి గారి ఎదుటే కల్నల్‌ని పొగిడారు. ఆ గొట్టాలు వేయించింది తను. నీళ్ళు వదిలింది వాడు. పేరు నీళ్ళకే గానీ గొట్టానికి వస్తుందా?

ఇలా ఉండగా క్యాంటీన్‌లో ఆయనకి ఒక ఆశ చిక్కింది.

ఆ ఆఫీసులో రాయని నియమం ఒకటుంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరికన్నా పెద్ద అధికారి మొదటి ముద్ద నోట పెట్టేదాకా ఎవరూ పళ్ళెం ముట్టరు. పాత డైరెక్టర్లందరూ ఆకలి మనుషులే కాబట్టి ఈ నియమం వల్ల ఎవరికీ ఇబ్బంది రాలేదు. కల్నల్‌ది సైన్యం నియమం. ఆఖరి సిపాయి కడుపు నిండాకే అధికారి తినాలి. అందుకని అతను ఖాళీ పళ్ళెంతో గోడవార నిలబడేవాడు. జనం నిండు పళ్ళేల ముందు చేతులు కట్టుకుని కూర్చునేవాళ్ళు. వీళ్ళు కబుర్లు పూర్తి చేసుకుని తింటారని అతను, దొరగారు ఎందుకో అలిగారని వీళ్ళు. ఏ ఫోనో వచ్చి అతను బయటికి పోతే తప్ప ఎవరి చెయ్యీ కదిలేది కాదు. అప్పటికి పప్పు గడ్డకట్టేది.

ఇన్‌ఛార్జి గారికి మొదటి రోజే అర్థమైంది. అత్తగారింట్లో పిల్లలు, డ్రైవరు తిన్నాక గానీ కల్నల్ విస్తరి ముందు కూర్చోకపోవడం ఆయన ఎన్నేళ్ళుగానో చూస్తున్నాడు. ఎందుకని అడిగి తెలుసుకున్నాడు కూడా. రెండు నియమాలూ తెలిసినవాడు ఆ ఆఫీసు మొత్తానికి ఆయనొక్కడే. ఒక్క మాటతో ముడి విడిపోతుంది. ఆయన నోటికి తాళం వేసుకున్నాడు. పైగా హెడ్‌గుమాస్తా దగ్గర, "మనతో కలిసి తినడం వారికి నామోషీ ఏమో" అని నిప్పురవ్వ ఒకటి జారవిడిచాడు. అది వారం తిరక్కుండా ఆఫీసంతా అంటుకుంది.

ఇంట్లో భార్య అడిగింది. "మరిదిగారు సాయంత్రం ఇంటికి రాగానే ఆకలి ఆకలి అంటున్నారట. చెల్లి చెప్పింది. మీ క్యాంటీన్‌లో ఏమైనా గొడవా?"

"నాకేం తెలుసు? పెద్దవాళ్ళ తిండి సంగతి పెద్దవాళ్ళకే తెలియాలి."

"మీ మొహం చూస్తే ఆయన వాటా కూడా మీరే తింటున్నట్టుంది" అందామె.

మంత్రిగారు తేల్చే రోజు దగ్గరపడింది. అప్పుడే ఊరికి ప్రాణంలాంటి పెద్ద గొట్టం బద్దలైంది. తెల్లవారినప్పటి నుంచి కూలీలు గోతిలో, వాళ్ళతో పాటు మోకాలి లోతు బురదలో కల్నల్. మధ్యాహ్నం భోజనం పొట్లాలు వచ్చాయి. అందరూ గట్టు మీద కూర్చుని ఒళ్ళో పొట్లాలు పెట్టుకున్నారు. కల్నల్ పక్కన నిలబడ్డాడు. ఎవరూ దారం విప్పలేదు.

వాల్వులు తిప్పే ముసలాయన చేతులు వణకడం ఇన్‌ఛార్జి గారు చూశాడు. ముసలాయనకి షుగరని తనకి తెలుసు. మాట పళ్ళ దాకా వచ్చింది. ఇంకాసేపు, అనుకున్నాడు. వీళ్ళు ఈ ఒక్కరోజు తిరగబడితే చాలు, ఆ మాట రేపు మంత్రిగారి దాకా పోతుంది.

ముసలాయన పక్కకి ఒరిగి బురదలో పడ్డాడు.

ఎవరో పంచదార తెచ్చి నోట్లో పోశారు. కాసేపటికి ఆయన కళ్ళు తెరిచాడు. పక్కనున్న ఫిట్టరు ఇక పట్టలేకపోయాడు. "మీరు తినందే మేమెట్లా తింటాం సార్?"

కల్నల్ తెల్లబోయాడు. "మీరు తినకుండా నేనెట్లా తింటానయ్యా?"

పడుకున్నచోటి నుంచే ముసలాయన కిసుక్కున నవ్వాడు. "ఇన్నాళ్ళూ మీరు మా కోసం, మేము మీ కోసం మాడామా దొరా?" ఆ నవ్వు గట్టు పొడుగునా పాకింది. కల్నల్ ఆయన పక్కన బురదలో కూలబడి, తన పొట్లం విప్పి ముందు ఆయనకి తినిపించాడు.

సాయంత్రానికి ఊరంతా అదే కథ. కూలివాడు తింటే గానీ మెతుకు ముట్టని డైరెక్టరట. నామోషీ అన్న నోళ్ళే దేవుడన్నాయి. మంత్రిగారు మారుమాట లేకుండా ఉద్యోగం ఖాయం చేశారు. తను ఇన్నాళ్ళు నోరు కట్టుకుని పెంచిన మొక్క వాడి పెరట్లో కాయ కాసింది. అదే ఇన్‌ఛార్జి గారి గుండెల్లో కలుక్కుమంది. ముసలాయన పడిపోయిన దృశ్యం కన్నా అదే ఎక్కువగా గుచ్చుకుంది. ఆ సంగతి తెలిసి కూడా ఆయన దాన్ని ఆపుకోలేకపోయాడు.

మర్నాడు క్యాంటీన్ కిటకిటలాడింది. వాల్వు ముసలాయన కూడా వచ్చి ముందు బెంచీలో కూర్చున్నాడు. కల్నల్ అందరికీ వినబడేలా అన్నాడు.

"అన్నయ్యా, నేను వీళ్ళకన్నా ముందు తినలేను. వీళ్ళు పెద్దవాళ్ళకన్నా ముందు తినరు. మన అధికారుల్లో వయసుకి పెద్దవారు మీరు. మా ఇంటి పద్ధతీ, ఈ ఆఫీసు పద్ధతీ రెండూ తెలిసినవారూ మీరే. ఇక నుంచి రోజూ మొదటి ముద్ద మీది."

రెండూ తెలిసినవారు. ఆ మాటలో ఏమైనా ఉందా అని ఇన్‌ఛార్జి గారు అతని మొహం వెతికాడు. ఎప్పటి మర్యాదే ఉంది. దాని వెనక ఏముందో ఆ రోజు తెలియలేదు, ఆ తర్వాతా తెలియలేదు.

"ముద్దకి కూడా ఇన్‌ఛార్జి గారేనా!" అన్నారెవరో వెనక నుంచి. నవ్వులు.

అందరి కళ్ళూ ఆయన చేతి మీదే. వాల్వు ముసలాయన కళ్ళు మరీను. ఆయన ముద్ద కలిపి నోట పెట్టుకున్నాడు. అది గొంతు దిగలేదు. గోడవార కల్నల్ ఖాళీ పళ్ళెంతో, వేళ్ళు పోయిన కాలు మీద బరువు ఆనించకుండా నిలబడి, ఓపిగ్గా చూస్తున్నాడు. ఇన్‌ఛార్జి గారు గ్లాసెత్తి నీళ్ళతో దాన్ని లోపలికి తోశాడు.

హాలంతా ఒక్కసారిగా పళ్ళేల చప్పుడు మొదలైంది.