ఎర్ర చుక్కలు, తెల్ల చుక్కలు

తొంభైల చివర్లో బెంగళూరులో నేను తొండపిల్లలకు సూదులు వేసేదాన్ని. ఎదుగుదల హార్మోను ఇస్తే అవి ఎంత పెరుగుతాయో చూడడం నా పీహెచ్‌డీ. ఇరవైకి హార్మోను, వీపున ఎర్ర నెయిల్‌పాలిష్ చుక్క. మరో ఇరవైకి ఉత్త ఉప్పునీళ్లు, తెల్ల చుక్క. అన్నీ ఒకే గాజుపెట్టెలో. పెరిగే పిల్లలు మాటిమాటికీ కుబుసం విడుస్తాయని పరీక్షల్లో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. బుర్రకెక్కిందా అంటే, లేదు.

ఎనిమిది వారాలకు ఎర్రచుక్కలవి రెండోవాటికి రెట్టింపు తూగాయి. గ్రాఫు గీస్తుంటే నా మీద నాకే ముద్దొచ్చింది.

దాన్ని ప్రొఫెసర్‌గారికి చూపించాల్సిన రోజు, పొద్దున్నే పెట్టె శుభ్రం చేస్తుంటే ఇసుకలో కుబుసం ముక్క కనిపించింది. దాని మీద ఎర్ర చుక్క. గబగబా పిల్లల్ని లెక్కపెట్టాను. నలభై చుక్కలూ నిన్ననే పెట్టినట్టు మెరుస్తున్నాయి.

జంతువుల గది చూసుకునే హిందూపురం పెద్దాయన అప్పుడే చెదపురుగుల డబ్బాతో వచ్చాడు.

"అన్నా, ఈ చుక్కలు ఎవరు పెట్టారు?"

"నేనేనమ్మా. పొర ఇడిస్తే రంగు పోతా ఉండాది గదా. పెద్దవాటికి ఎర్రది, చిన్నవాటికి తెల్లది పెడతా ఉండా."

"అలా పెట్టమని ఎవరు చెప్పారు?"

"మందేసినేవి బిరీన పెరుగుతాయని మొదటి దినమే మీరు చెప్తిరి గదమ్మా!"

అరవబోయాను. కానీ ఆ మాట చెప్పింది నేనేగా. వారాలుగా నేను సూది వేస్తున్నది కూడా ఆ చుక్కలు చూసే. ఏది ఏదో ఇక దేవుడికే తెలియాలి. మళ్లీ పిల్లలు దొరకాలంటే వచ్చే ఏడు వానలు పడాలి.

పదకొండింటికి ప్రొఫెసర్‌గారు గ్రాఫు చేతిలోకి తీసుకున్నారు. "ఇంత చక్కటి గీత నా సర్వీసులో చూడలేదు," అన్నారు. నేను నోరు మూసుకుంటే చాలు, ఏడాది మిగులుతుంది. నిజం చెప్పొద్దూ, మూసుకుందామనే అనుకున్నాను.

గుమ్మంలో నిలబడ్డ పెద్దాయన ముఖం వెలిగిపోయింది. "చుక్కలు సరిగ్గా ఉండాయా మేడమ్?" అన్నాడు.

"ఏం చుక్కలు?" ఆవిడ నా వైపు తిరిగారు.

ఆయన మీదికి తోసేయడం ఎంత తేలికో ఆ క్షణంలో తెలిసి నా మీద నాకే అసహ్యమేసింది. "తప్పు నాదే మేడమ్," అని మొత్తం చెప్పాను. ఆవిడ గ్రాఫును మధ్యకు మడిచి నాకే ఇచ్చేశారు.

మరుసటి ఏడు ఒక్కో పిల్ల ఒక్కో సీసాలో, సీసా మీద నంబరు. సిరంజీలు ప్రొఫెసర్‌గారే నింపేవారు, ఏ నంబరుకు మందో, దేనికి ఉప్పునీళ్లో రాసిన జాబితా ఆవిడ బీరువాలో ఉండేది.

"ఈసారి మందేసేది వేటికమ్మా?" అడిగాడు పెద్దాయన.

"నాకూ తెలీదన్నా."

ఆయన నన్ను జాలిగా చూసి, అన్ని సీసాల్లోకీ సమానంగా చెదపురుగులు పంచాడు.