రెండు ఠాణాల నడుమ పెద్దమ్మ

మా పక్కింటి పెద్దమ్మ పోయిన సోమవారం పొద్దున చనిపోయింది. "అక్కా, అమ్మ లేస్తలేదు" అని ఆమె బిడ్డ గోడ అవతలి నుంచి పిలిచింది. వెళ్లేసరికే అయిపోయింది. గుండె ఆగిందన్నారు. తిప్పి తిప్పి చంపారని నేనంటాను. అలా అనడం న్యాయమేనా అని ఒక పక్క సందేహిస్తూనే ఇది రాస్తున్నాను.

పెద్దమ్మ, పెదనాన్న ఇంట్లోనే మగ్గం మీద జంపఖానాలు నేసేవాళ్లు. ఆయనకు మతిమరుపు ముదిరింది. మూడేళ్ల కిందట, ఖమ్మం రోడ్డులో ఒక పల్లెలో ఉండే చెల్లెలింటికని ఒక్కడే బస్సెక్కాడు. అక్కడికి చేరలేదు.

ఇక్కడి ఠాణాలో, బస్సెక్కి పోయాడు కాబట్టి అక్కడే ఫిర్యాదు ఇవ్వమన్నారు. అక్కడి ఠాణావాళ్లేమో, ఆయన దిగినట్టు సాక్ష్యమేదని, ఎక్కిన చోటే ఇవ్వమన్నారు. మనిషి కనబడడం లేదంటే ఏ ఠాణాలోనైనా రాసుకోవాలి, హద్దుల సంగతి తర్వాత వాళ్లలో వాళ్లు తేల్చుకోవాలి. ఇక్కడి ఠాణాలో ఆ నిబంధన ఫోన్‌లో తెరిచి చదివి వినిపించాను. రాసుకునే కానిస్టేబుల్ నవ్వాడు. "మేడమ్, పెద్దాయన ఏ చుట్టాలింట్ల మటన్ తింటాండో, రెండు దినాలు చూడుండ్రి."

"మా ముసలాయనకు పండ్లు లేవు సారూ" అంది పెద్దమ్మ.

అక్కడున్నవాళ్లంతా నవ్వారు. ఆమె నవ్వలేదు.

చివరికి రాసుకునేసరికి వారాలు గడిచాయి. బస్టాండు కెమెరాల్లో ఆ రోజు దృశ్యాలు అప్పటికే చెరిగిపోయాయి. ఆయన ఎటు నడిచాడో చూపగలిగినవి అవే. తప్పిపోయినవాళ్ల వివరాలు పెట్టే వెబ్‌సైటులో తర్వాతెప్పుడో ఆయన ఫొటో వచ్చింది. వయసు తప్పు. ఎత్తు లేదు. సరిచేయమంటే సిస్టమ్ తీసుకోవడం లేదన్నారు. వాళ్లకెన్ని పనులుంటాయో, కఠినంగా మాట్లాడుతున్నానేమో అనుకుంటాను. అంతలోనే, పోయిన సెల్‌ఫోన్లు వెతికిచ్చి పోలీసులు వరసగా నిలబడి దిగే ఫొటోలు పేపర్లో కనిపిస్తాయి.

గుర్తు తెలియని శవం వచ్చిందని తెలిస్తే చాలు, పెద్దమ్మ దవాఖానకు బయల్దేరేది. నేనూ తోడు వెళ్లేదాన్ని. తన మనిషి కాదని తేలాక కూడా వెంటనే కదిలేది కాదు. "జర మంచిగ చూడు బిడ్డా, యాదిపెట్టుకో. ఈయన కోసం గూడ ఎవరో తిరుగుతాంటరు" అనేది. బయట తమవాళ్ల కోసం కూర్చున్నవాళ్లకు ఆ ముఖం పోలికలు ఓపికగా చెప్పేది. జీతాలు తీసుకునేవాళ్లు చేయాల్సిన పని అది.

ఆఖరి స్నానం చేయించేటప్పుడు ఆడవాళ్లలో మాట వచ్చింది. పసుపు కుంకుమలతో సాగనంపాలా, వద్దా? ఆయన ఉన్నట్టా, లేనట్టా? ఏడేళ్లు జాడ లేకపోతేగాని చట్టం మనిషిని పోయినట్టు లెక్కగట్టదు. నాకా సంగతి తెలుసు. చెంబుతో నీళ్లు అందిస్తూ ఉండిపోయాను.

పెదనాన్న చెల్లెలు కుంకుమ భరిణె అందుకుంది. "మా అన్న పోయిండని ఎవలు జెప్పిండ్రు? ఎతికినోళ్లుంటె గద జెప్పేటందుకు."

ఆమె బొటనవేలితో వదిన నొసట పెద్ద బొట్టు పెట్టింది. తడి నుదుటి మీద ఆ ఎరుపు కనుబొమల దాకా జారింది. కొంగుతో మెల్లగా అద్ది, మళ్లీ పెట్టింది.